సానరాతి చరిత్ర

"మొక్కవోని ధైర్యము" అను మాట తెలుగు వ్యాసములలోను, ఉపన్యాసములలోను తరచుగ వినవచ్చుచుండును. మొక్కవోవుట యనగా పదును చెడుట, వాదర మొద్దువారుట యని అర్థము. పగబూనిన వానిని "కత్తులు నూరుచున్నా"డందురు. చదువుచే రాణించిన బాలుని తెలివిని సానబట్టిన తెలివి యందురు. భర్తృహరి నీతిశతకములో సానపై అరిగి కృశించిన మణి యెట్లు శోభించునో చెప్పి, దానమువలన కలిమి తరిగిన వానిని దానితో పోల్చెను. ఇన్ని పలుకుబళ్ళకు, ఉపమానములకు మూలమైన వస్తువు మాత్రము ఇంటిలో ఏ నూతిచప్టా పక్కనో, ఏ వంటింటి మూలనో పడియుండు ఒక రాయి. ఖడ్గములను గూర్చి, ఖడ్గధారులను గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. ఆ ఖడ్గమునకు ఖడ్గత్వము నిచ్చిన సానను గూర్చి తలచినవారు అరుదు.

ఇటీవల పట్టణములలోని గృహస్థులు ఈ పాతరాతిని విడిచి, కోణము తప్పకుండ కత్తిని పట్టి నిలుపు సాధనములను, గరుకును సంఖ్యలతో నిర్ణయించిన రాళ్ళను, వజ్రపు పొడి అద్దిన పలకలను కొని తెచ్చుకొనుచున్నారు. ఇది వట్టి వేడుకయా, లేక నిజముగ మేలైన మార్పా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, సాన నడచివచ్చిన దారిని ఒకమారు పరికింపవలసియున్నది.

లోహమునకు ముందే సాన

నూరుట యను విద్య లోహముతో పుట్టినది కాదు, లోహముకంటె ప్రాచీనమైనది. నవీన శిలాయుగమునకు, దానికి ముందరి యుగమునకు గల ముఖ్యభేదములలో నిది యొకటి. పూర్వపు మానవుడు రాతిని రాతితో కొట్టి పెచ్చులూడదీసి అంచు తెచ్చుకొనెను. తరువాతివాడు ఆ అంచును మరియొక రాతిపై నీటితోడను, ఇసుకతోడను నూరి నునుపు చేసెను. బళ్ళారికి సమీపమున నున్న సంగనకల్లు కొండలయందు క్రీ. పూ. మూడవ, రెండవ సహస్రాబ్దులలో డోలరైటు రాతి గొడ్డళ్ళు విరివిగ తయారైనవి. అచ్చటి బండలపై గొడ్డళ్ళు నూరగా నూరగా ఏర్పడిన నున్నని గాడులు నేటికిని కనబడును. ఆ గొడ్డళ్ళు పట్టినవారి పేర్లు తెలియవు. వారి చేతి రాపిడి మాత్రము బండపై నిలిచిపోయినది. బళ్ళారి ప్రాంతపు నవీన శిలాయుగ అవశేషములను పందొమ్మిదవ శతాబ్దమున రాబర్టు బ్రూస్ ఫుటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు మొదట వెలుగులోనికి తెచ్చెను. ఆ కాలమున ఆ సీమ మద్రాసు రాజధానిలో అంతర్భాగము.

రాతితో రాతిని నూరుట ఎంతో ఓపికతో కూడినది. అందుచే సాన కొక మూలసూత్రము నాడే స్థిరపడినది. ఏ వస్తువునైనను నూరవలెనన్న దానికంటె గట్టిదైన రేణువు కావలెను. సానరాతి చరిత్ర యంతయు ఆ గట్టి రేణువు కొరకు సాగిన అన్వేషణమే.

పాశ్చాత్య దేశములందును ఈ అన్వేషణము సాగినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమువాడైన ప్లినీ తన ప్రకృతి చరిత్రలో సానరాళ్ళను జాతులుగ విభజించెను. క్రీటు ద్వీపపు రాతికి నూనె కావలెననియు, నాక్సాసు రాతికి నీరు చాలుననియు వ్రాసెను. మంగలికత్తులు నూరుటకు ఉమ్మియే చాలెడు రాళ్ళను సైత మాతడు పేర్కొనెను. నూనెసాన, నీటిసాన యను భేదము రెండువేల యేండ్లు గడచినను అంగళ్ళలో నేటికిని నిలిచియున్నది.

ఉక్కును కురువిందమును

ఇనుము వచ్చిన పిదప దక్షిణాపథమున సానకు కొత్త పరీక్ష ఎదురయ్యెను. మెత్తని ఇనుమును ఇసుకరాయి సులువుగ తినివేయును. ఉక్కు అట్టిది కాదు. తెలంగాణమునందు నిజామాబాదు ప్రాంతమున గల కోనసముద్రము మూసలలో కరగించిన ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ గ్రామమును దర్శించి, అచ్చటి పద్ధతిని వర్ణించెను. ఆ రచన ఆతని మరణానంతరము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. పారశీక వర్తకులు స్వయముగ వచ్చి ఆ ఉక్కును కొనిపోవుచుండిరని అందువలన తెలియుచున్నది. "ఉక్కు" అను మాటయే ఆంగ్లేయుల నోట "ఊట్జ్" అయినదని పలువురి అభిప్రాయము. లండనులో శస్త్రచికిత్సా పరికరములు చేయు జేమ్సు స్టోడార్టు, మైకేలు ఫారడే కలిసి 1819 నుండి 1822 వరకు ఉక్కుపై చేసిన పరిశోధనలకు ఈ ఊట్జ్ ఉక్కే ప్రేరణము.

ఈ ఉక్కులో నూటికి ఒకటి మొదలు రెండు వంతుల వరకు కర్బనముండును. కావున అది మిక్కిలి కఠినము. దానికి వాదర తీర్చుటకు ఇసుకరాయి చాలదు. అందుకు దక్షిణ దేశపు భూమియే మరియొక వస్తువును ప్రసాదించినది. అది కురువిందము. కెంపు, నీలము ఈ జాతిలోని నిర్మలమైన రాళ్ళే. వన్నె, స్వచ్ఛత లేని ముతక కురువిందము సానకు పనికివచ్చును. సేలము, మైసూరు, అనంతపురము ప్రాంతములలో ఇది దొరకుచుండెను. చార్లెస్ గ్రెవిల్ అను ఆంగ్లేయుడు 1798లో రాయల్ సొసైటీ యెదుట ఈ ఆసియా రాతిని గూర్చి వ్యాసము సమర్పించెను. తెలుగు, తమిళ, సంస్కృత భాషలలోని కురువింద, కురుంద శబ్దములనుండియే ప్రపంచమంతట నేడు వాడబడు "కొరండం" అను శాస్త్రనామము వచ్చినది. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఖనిజముల కాఠిన్యమును పది మెట్లుగ నిర్ణయించినపుడు వజ్రము పదవ మెట్టును, కురువిందము తొమ్మిదవ మెట్టును ఆక్రమించినవి.

ఈ దేశపు పనివారు కురువిందమును వాడిన తీరు చమత్కారమైనది. రాతిని సన్నగ దంచి, కరగిన లక్కతో కలిపి, చక్రముగ పోసి, నడుమ ఇరుసు పెట్టిరి. ఒకడు ఇరుసునకు చుట్టిన వారును ముందునకు వెనుకకు లాగుచుండ, వేరొకడు కత్తిని చక్రమున కానించి పట్టుచుండెను. గట్టి రేణువును మెత్తని బంధకముతో పట్టి నిలుపుట, పై రేణువులు అరిగి రాలగా లోపలి కొత్త రేణువులు బయటపడుట యను సూత్రము ఆ లక్కచక్రములో నున్నది. నేటి కర్మాగారములలో తయారగు సానచక్రములలో బంధకము మారినది గాని సూత్రము మారలేదు.

సానవారు

ఉత్తరాదిని ఈ పని చేయువారిని సిక్లీగరు లందురు. మెరుగు పెట్టుట యను అర్థముగల అరబ్బీ పదమునుండి ఆ పేరు వచ్చినది. సైన్యములకు ఖడ్గములు, కటారులు, బల్లెములు మెరుగు పెట్టుట వారి వృత్తి. వారిలో సిక్కు మతము నవలంబించిన శాఖయు కలదు. రాజ్యములు కూలి సైన్యములు చెదరుటతో వారి పోషణ సన్నగిల్లెను. 1878లో వచ్చిన ఆయుధ చట్టము ఆయుధముల తయారీకి, విక్రయమునకు, ధారణకు అనుమతిపత్రమును విధించెను. యుద్ధవీరుల ఖడ్గములకు మెరుగు పెట్టిన చేతులు వంటింటి కత్తులకు, తాళములకు, కత్తెరలకు మరలినవి. ఒక చట్టములోని కొన్ని పంక్తులు ఎన్ని పొయ్యిలపై ప్రభావము చూపగలవో కార్యాలయములలో పనిచేయువారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

తెలుగు పల్లెలలో ఏర్పాటు వేరు. అచ్చట కమ్మరి గ్రామవృత్తులవారిలో నొకడు. నాగటికర్రును సాగగొట్టుట, కొడవలికి కక్కు పెట్టుట, గొడ్డలికి నీరు పట్టుట ఆతని విధులు. ప్రతిఫలముగ కళ్ళమువద్ద ధాన్యము మేరగ లభించుచుండెను. మంగలి తన కత్తికి తానే నున్నని రాతిపైని, తోలుపటకాపైని పదును తెచ్చుకొనెడివాడు. ఇంటిలోని కత్తిపీటకు మాత్రము ఇల్లాలే సానదారి. చప్టా అంచుననో, గరుకురాతిపైననో నాలుగుసార్లు రుద్ది, వంకాయ తరిగి చూచి, చాలునని లేచెడిది. ఆ కత్తిపీట, కొబ్బరికోరాముతో సహా, బదిలీలపై ఢిల్లీకి, కలకత్తాకు, నాగపురమునకు పెట్టెలలో ప్రయాణము చేసినది. బెంగాలీల బొంటి, మహారాష్ట్రుల విళీ, తమిళుల అరువామణై దాని తోబుట్టువులే యని పరస్థలములలోని ఇరుగుపొరుగు ఇండ్లను చూచిన తెలుగు ఇల్లాండ్రకు తెలియును.

పరస్థలమున కమ్మరి లేడు; మేర లేదు. ఆ లోటును తీర్చినవాడు వీథిలో సైకిలుపై వచ్చు సానవాడు. సైకిలును స్టాండుపై నిలిపి, తొక్కుడుతో చిన్న చక్రమును త్రిప్పుచు, "చాకూ ఛురీ తేజ్" అని కేకవేయును. నిప్పురవ్వలు చూచుటకు క్వార్టర్ల పిల్లలందరు మూగుదురు. అయిదు నిమిషములలో కత్తి తళతళలాడును. కాని ఆ చక్రము పొడిగ తిరుగునది. పలుచని అంచు వద్ద వేడిమి చప్పున పెరుగును. ఉక్కు నీలివర్ణమునకు తిరిగినదన్న దాదాపు 300 సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగిలినదని గుర్తు. అచ్చట కాఠిన్యము తగ్గును. వాదర కొద్ది దినములకే మడతపడును. మీదుమిక్కిలి ప్రతిసారియు అవసరమునకు మించి లోహము తరుగును. ఆ దోషము సానవాని నిపుణతలోనిది కాదు. దినమునకు ఇన్ని ఇండ్లు తిరిగిన గాని కూలి గిట్టని బ్రతుకులో నెమ్మదిగ నూరుటకు వ్యవధి లేదు.

కొలిమిలో పుట్టిన కాఠిన్యము

పందొమ్మిదవ శతాబ్దాంతమున అన్వేషణము గనులనుండి కొలిమికి మారినది. 1891లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఎడ్వర్డు ఆచిసన్ అను నతడు బంకమట్టిని, కోకుబొగ్గు పొడిని కలిపి విద్యుత్తుతో తీవ్రముగ వేడిచేయగా మెరయుచున్న స్ఫటికములు కనబడినవి. అవి కార్బనమును, కొరండమును కలిసిన పదార్థమని భ్రమించి "కార్బొరండం" అని పేరు పెట్టెను. వాస్తవమునకు అది సిలికాను, కర్బనముల సంయోగము. కాఠిన్యమున కురువిందమునకు వజ్రమునకు నడుమనుండునది. పేరులో పొరపాటున్నను, ఆ పొరపాటువలన దక్షిణ దేశపు కురువింద నామము అమెరికా సరకుపై నిలిచినది. తరువాత కొలది యేండ్లకే బాక్సైటును విద్యుత్ కొలిమిలో కరగించి కృత్రిమ కురువిందమును తయారుచేసిరి. దానితో గనిలోని కురువిందమునకు గిరాకి తగ్గినది. మద్రాసులో 1954లో అమెరికా, బ్రిటిషు సంస్థల సహకారముతో కార్బొరండం యూనివర్సల్ సంస్థ నెలకొని, సానచక్రముల తయారీ ఈ దేశమునందు విస్తరించుటకు తోడ్పడినది.

ఇంతలో కత్తియు మారినది. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ క్రోమియము కలిసిన తుప్పుపట్టని ఉక్కును రూపొందించెను. చింతపండు, నిమ్మరసము తగిలినను నల్లబడని కత్తి వంటింటికి వచ్చినది. కాని క్రోమియము కలిసిన ఉక్కు అరుగుదలకు ఎక్కువగ ఓర్చుకొనును. చప్టా అంచుకు అది సులువుగ లొంగలేదు. "ఈ స్టీలుకత్తికి పదును నిలువదు" అను ఫిర్యాదు పుట్టినది. పెక్కు సందర్భములలో లోపము కత్తిలో లేదు. కొత్త ఉక్కునకు పాతసాన చాలకపోవుటలో నున్నది.

మరియొక మార్పు అంతకుముందే మొదలైనది. 1904లో కింగ్ జిల్లెట్ తన క్షౌరపు బ్లేడునకు పేటెంటు పొందెను. నూర నక్కరలేదు, మొద్దువారిన పారవేయవచ్చును. పదును కాపాడుకొనవలసిన గుణమను తలంపు పోయి, కొనుక్కొనదగిన సరకను తలంపు వచ్చినది. ఇరువదవ శతాబ్దమున ఈ తలంపు క్రమక్రమముగ వంటింటిలోనికిని ప్రవేశించినది. మొద్దువారిన కత్తిని సొరుగులో త్రోసి కొత్తది కొనుట అలవాటైనది.

ఇంటికి తిరిగివచ్చిన సాన

ఈ చరిత్రయందు చివరి ఘట్టము వజ్రముది. వజ్రమును వజ్రమే కోయునను సామెత కృష్ణాతీరపు కొల్లూరు గనుల కాలమునాటి సానవారికి ఎరుకైన సత్యమే. పదునేడవ శతాబ్దమున దక్కను వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వజ్రపుపొడితో వజ్రములను సానపట్టు చక్రములను వర్ణించెను. అట్టి రేణువు వంటింటి కత్తికి దక్కుట నాడు ఊహకందని మాట. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రము తయారగుటతో ఆ రేణువు పారిశ్రామిక వస్తు వయినది. ఉక్కుపలకపై నికెలుపూతతో వజ్రపు రేణువులను పట్టించిన సానలు నేడు సామాన్య గృహస్థునకు అందుబాటులో నున్నవి. త్వరగ అరుగనిది, గుంట పడనిది, ఎట్టి ఉక్కునైనను కోయగలది అగుటచే ఇది పాత రాతికంటె నిస్సంశయముగ మేలైనది.

ఐనను గట్టి రేణువు ఒక్కటే చాలదు. పదును అనగా రెండు తలములు కలియు రేఖ ఎంత సన్ననైనదో ఆ సన్నదనము. చక్కగ నూరిన వంటకత్తి అంచు ఇంచుమించు ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు, మందముండును. అంచు సన్ననైన కొలది అదే బలమునకు ఒత్తిడి హెచ్చును. మొద్దుకత్తితో కోయువారు బలము నెక్కువగ ప్రయోగింతురు. ఉల్లిపాయపై కత్తి జారి వ్రేలికి తగులును. వంటింటి గాయములకు మొద్దుకత్తి కారణమగుట అందువలననే.

ఆ సన్నని రేఖ ఏర్పడవలెనన్న కత్తిని ఆద్యంతము ఒకే కోణమున పట్టవలెను. వంటకత్తికి ఒక్కొక్క వైపున 15 మొదలు 20 డిగ్రీలు తగినది. నాలుగు సెంటిమీటర్ల వెడల్పుగల కత్తి వీపును రాతినుండి ఒక సెంటిమీటరు ఎత్తిన 15 డిగ్రీలు వచ్చును. కాగితపు మూలను రెండుగ మడిచి, మరల రెండుగ మడిచిన 22న్నర డిగ్రీల కొలత దొరకును. తరతరముల అభ్యాసముచే సిక్లీగరు చేతికి వచ్చిన ఈ నిలకడను, కత్తిని బిగించి, సానకడ్డీని ఒకే వంపున నడిపించు నూతన సాధనము నేర్పు లేనివారికిని కొంతవరకు సమకూర్చుచున్నది. నిజమైన మెరుగుదల అదియే.

తక్కిన క్రమము ప్రాచీనమైనదే. మొదట ముతకసానపై ఒక వైపు నూరగా ఆవలివైపు అంచు వెంట వ్రేలికి తగులునట్టి సన్నని రేకు లేచును. అది మొదలునుండి కొనవరకు లేచినచో అంచు కలిసినదని గుర్తు. అప్పుడు రెండవవైపు తిప్పవలెను. పిమ్మట సన్నసానపై ఒత్తిడి తగ్గించుచు నూరి, ఆ రేకును పూర్తిగ తొలగింపవలెను. తుదకు తోలుపై వెనుకకు లాగవలెను. రాళ్ళపై వేసిన సంఖ్య హెచ్చిన కొలది రేణువు సన్ననైనది. ఐతే ఒక దేశపు ప్రమాణములో 1000 అనునది వేరొక దేశపు 1000తో సమానము కాదు. కొనునపుడు ఈ భేదము గమనింపదగినది. మామూలు వంటింటికి ముతక, నడితరము, సన్న అను మూడు మెట్లు చాలును. అంతకు మించినది ప్రీతి కొరకే గాని అవసరము కొరకు కాదు.

మిగిలిన మాట

ఇట్లు ఇంటింట సాన వెలసినచో సైకిలుపై తిరుగు సానవాని గతి యేమగును? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రాజులు పోయినపుడు ఒకమారు, చట్టము వచ్చినపుడు ఒకమారు, పారవేయు బ్లేడు వచ్చినపుడు ఒకమారు ఆతని వృత్తి కుంచించుకొని పోయినది. ఐనను ఆతని నేర్పునకు చోటు లేకపోలేదు. పెచ్చూడిన అంచును సరిచేయుట, కత్తెర పళ్ళను కూర్చుట, వంపు తిరిగిన కత్తిపీట అలుగును తీర్చుట ఇంటి సాధనమునకు సాధ్యము కావు. దినదినపు పదును ఇంటివారు చూచుకొని, ఏడాదికొకమారు చేయవలసిన పెద్దపనిని ఆతనికి అప్పగించి, తొందరపెట్టక తగిన కూలి ఇచ్చినయెడల, కత్తియు మన్నును, ఆ మనిషియు మన్నును.

సంగనకల్లు బండపై గాడి పడునంతగ నూరినవారికి పారవేయుట తెలియదు. చేతిలోని వస్తువును మరల మరల పనికి తెచ్చుకొనుట వారి జీవనము. నేటి గృహస్థు వజ్రపు పలకపై కత్తిని నిదానముగ జరుపునపుడు సాధనము కొత్తదైనను చేయుచున్న పని ఆ పాతదే. ఇంటిలోని పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కోణము తప్పక పది మారులు జరిపి చూపినచో, రాతికంటె చిరకాలము నిలుచునది ఆ ఇంట మిగిలిపోవును.